పిల్లాడి కాళ్ల మీద తొమ్మిదిన్నర లక్షలు

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ. మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఎడమ కాలితో ఆడతాడు, బాగా ఉరుకుతాడు. దసరా సెలవుల్లో హైదరాబాద్‌లో టర్ఫ్ మీద జరిగిన సెవెన్స్ టోర్నమెంట్‌లో ఆరు గోల్స్ కొట్టాడు. అక్కడ ఒకాయన మా దగ్గరికొచ్చి, తాను విదేశీ క్లబ్బులకు ఆటగాళ్లని వెతికిపెట్టే స్కౌట్‌నని, మావాడు యూరప్‌లో ఆడాల్సిన పిల్లాడని అన్నాడు. పోర్చుగల్‌లో ఒక అకాడమీలో ఆరు నెలలు ఉంచి, అక్కడి క్లబ్బుల ట్రయల్స్‌కి తీసుకెళతారట. మొత్తం 9.5 లక్షలు. నెలాఖరులోగా 2 లక్షలు అడ్వాన్సు కడితేనే సీటట. ఊళ్లో నా వాటాకొచ్చిన 20 గుంటల పొలం ఉంది, అమ్మితే సరిపోతుంది. మా ఆవిడ వద్దంటోంది. మా బావమరిదేమో ‘ఇండియాలో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడు, ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్’ అంటాడు. పాప ఇంటర్ రెండో సంవత్సరం, దాని ఫీజు కూడా చూసుకోవాలి. ఆలోచిద్దాం అన్నందుకే బాబు వారం నుంచి నాతో మాట్లాడటం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇది నిజమేనా? అసలు ఈ ఆటలో బతుకు ఉందా? ఇంకో చిన్న మాట: వాడి బూట్లు మూడు నెలలకే చిరిగిపోతున్నాయి, మంచి బ్రాండ్ ఏదో చెప్పండి.

జవాబు: నమస్తే. ముందు అడ్వాన్సు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. పొలం కాగితాలు బీరువాలోంచి తీయకండి. మిగతాదంతా తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటున్నానో వినండి. ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫాకి ఒక నియమం ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లాడిని వేరే దేశపు క్లబ్బు తన ఆటగాడిగా రిజిస్టర్ చేసుకోకూడదు. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారినప్పుడు, సరిహద్దుకి 50 కిలోమీటర్ల లోపు ఉన్న ఇంటి నుంచి అవతలి దేశంలో అంతే దూరంలో ఉన్న క్లబ్బుకి ఆడినప్పుడు, యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య 16 నిండిన పిల్లలకి, శరణార్థులుగా వచ్చిన పిల్లలకి, చదువు కోసం కొద్దికాలం వెళ్లే విద్యార్థులకి. వీటిలో దేంట్లోనూ హనుమకొండ పిల్లాడు ఇమడడు. ఇది కాగితం మీద పడుండే నియమం కూడా కాదు. దీన్ని మీరినందుకు బార్సిలోనాని 2015లో ఏడాదంతా కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోనివ్వలేదు. 2016లో రియల్ మాడ్రిడ్, అట్లెటికో మాడ్రిడ్‌లకి, 2019లో చెల్సీకి శిక్ష పడింది. అంతటి క్లబ్బుల్నే వదలనప్పుడు, మీ అబ్బాయి కోసం ఏ పోర్చుగల్ క్లబ్బు ఆ రిస్కు తీసుకుంటుంది?

ఈ మాట అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘క్లబ్బులో చేర్చడం లేదు సార్, ఇది ప్రైవేటు అకాడమీ, ఆ నియమం వర్తించదు’ అంటాడు. వర్తించకపోవచ్చు. కానీ అప్పుడు బాబు అక్కడ ఏ అసలు లీగ్‌లోనూ ఆడలేడు. పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం ప్రాక్టీసు, వారానికో స్నేహపూర్వక మ్యాచ్. ట్రయల్స్‌లో అదరగొట్టినా, నువ్వు నాకు కావాలి అని ఏ క్లబ్బూ సంతకం పెట్టలేదు. ఆరు నెలల తర్వాత వీసా గడువు అయిపోతుంది, జెర్సీ వేసుకున్న ఫొటోలతో తిరిగొస్తాడు. ఇది మంచి అకాడమీ అయితే. చెడ్డదైతే ఎలా ఉంటుందో 2023 జూన్‌లో ఆ పోర్చుగల్‌లోనే బయటపడింది. ఉత్తర పోర్చుగల్‌లో ఒక ఫుట్‌బాల్ అకాడమీ మీద అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులు దాడి చేస్తే దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆసియా దేశాల పిల్లలు పదుల సంఖ్యలో దొరికారు. చాలామంది మైనర్లు. వాళ్ల ఇళ్లలోనూ ఎవరో ఇలాగే ఏదో అమ్మి పంపించి ఉంటారు. ఫ్రాన్స్‌కి ఇది కొత్త కథ కాదు. ఆఫ్రికా నుంచి ఇలా తెచ్చి వదిలేసిన కుర్రాళ్లు పారిస్‌లో రోడ్డున పడుతున్నారని చూసి, కామెరూన్ మాజీ ఆటగాడు జాన్ క్లాడ్ ఎంవూమిన్ 2000లోనే వాళ్ల కోసం ఫుట్ సోలిడేర్ అనే సంస్థ పెట్టాల్సి వచ్చింది.

నాకు ఇవన్నీ చదివితే తెలిసినవి కావు. 1989లో నాకు 17 ఏళ్లు. సికింద్రాబాద్‌లో మా గల్లీకి నేనే హీరోని. కోల్‌కతా క్లబ్బులో చేర్పిస్తానని ఒక పెద్దమనిషి మా అమ్మ దగ్గర 1,500 రూపాయలు తీసుకున్నాడు. అమ్మ కమ్మలు అమ్మింది. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీలో వెళ్లాను. మూడు రోజులు మైదాన్‌లో గీత బయట కూర్చోబెట్టారు. నాలుగో రోజు పది నిమిషాలు ఆడమన్నారు, అదీ గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌నైన నన్ను, వెనక కాపలా కాసే రైట్ బ్యాక్‌గా. బంతి రెండుసార్లు తగిలింది. ఆ రాత్రి చూస్తే పెద్దమనిషి లేడు. ఇంటికొచ్చి అమ్మతో కాలు బెణికిందని చెప్పాను. నెల రోజులు కావాలని కుంటాను కూడా. ఆవిడ డబ్బు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ కుంటడం గురించే మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను. ఇంట్లోవాళ్లు ఏదో అమ్మి పంపించిన పిల్లాడు నిజం చెప్పడు. పోర్చుగల్ నుంచి వీడియో కాల్ చేసి ‘బాగానే ఉన్నా నాన్నా, ట్రయల్ బాగా జరిగింది’ అంటాడు. తిండి సరిపోకపోయినా, గదిలో పదిమంది ఉన్నా, పాస్‌పోర్టు ఎవరో తీసి పెట్టుకున్నా అదే మాట అంటాడు. 14 ఏళ్ల వాడి నెత్తిన 20 గుంటలు పెట్టి పంపితే మెడ ఎత్తలేడు.

ఇక మీ స్కౌట్‌ని ఎలా తేల్చుకోవాలో చెబుతాను. ఫోన్ చేసినప్పుడు రెండే రెండు అడగండి. మీ ఫిఫా ఏజెంట్ లైసెన్సు నంబరు ఎంత? ఏ క్లబ్బు తరఫున వచ్చారో ఆ క్లబ్బు లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఉందా? ఏజెంటు కావాలంటే ఇప్పుడు ఫిఫా పెట్టే పరీక్ష పాసవ్వాలి, లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మైనర్లతో పనిచేయాలంటే దానికి అదనంగా ఇంకో కోర్సు కూడా పూర్తిచేసి ఉండాలి. ‘నేను ఏజెంటుని కాదు, స్కౌట్‌ని’ అంటాడేమో. అయితే ఇంకా మంచిది. స్కౌట్‌కి జీతం ఇచ్చేది క్లబ్బు. మీ దగ్గర డబ్బు తీసుకునే స్కౌట్ ఎవరి నౌకరు?

ఈ ఒక్క మాట పట్టుకుంటే ఈ వ్యాపారం మొత్తం అర్థమైపోతుంది. పైసలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడండి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో పైసలు క్లబ్బు నుంచి ఆటగాడి వైపు నడుస్తాయి. అంతేకాదు, పిల్లాడిని తయారుచేసిన వాళ్లకి కూడా వస్తాయి. ఒక ఆటగాడు ఒప్పందం మధ్యలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అమ్ముడైతే, ఆ ధరలో 5 శాతం అతను 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఆడిన క్లబ్బులన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కో ఏడాదికి ధరలో పావు శాతం, ఆ తర్వాత ఒక్కో ఏడాదికి అర శాతం. అంటే రేపు మీవాడు 10 లక్షల యూరోలకు అమ్ముడైతే, ఈ ఏడాది వాడికి శిక్షణ ఇచ్చిన చిన్న క్లబ్బు ఏదైనా సరే, రిజిస్టర్ అయి ఉంటే దానికి 2,500 యూరోలు రావాలి. అందుకే ఆ దేశాల్లో ఊరి క్లబ్బు కూడా పదేళ్ల పిల్లాడి మీద తన డబ్బు పెడుతుంది, అది వాళ్ల విత్తనం ఖర్చు. తండ్రి దగ్గర ఎదురు డబ్బు తీసుకునేవాడు ఆటగాళ్లని తయారుచేయడం లేదు. వాడి సరుకు మీ ఆశే. మీవాడు గెలిచినా ఓడినా వాడి 9.5 లక్షలు వాడికి వచ్చేశాయి.

మీ బావమరిది మాటకొద్దాం. ‘ఇండియాలో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడు’ అన్నారాయన. సగం నిజం. కోల్‌కతాలోనో మలప్పురంలోనో ఆ మాట అంటే తన్నులు తింటారు. హైదరాబాద్‌లో కూడా ఒకప్పుడు అనగలిగే మాట కాదది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానంలో నిలిపారు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. ఆ జట్లలో మన హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు ఎంతమందో. బర్కాస్, బొల్లారం, లాలాగూడ... ఈ పేర్లు అప్పట్లో ఫుట్‌బాల్ పేర్లు.

కానీ ఆ రోజుల్లో వాళ్లకి అన్నం పెట్టింది ఎవరు? పోలీసు శాఖ. నెలకింత జీతం, క్వార్టర్, చివర్లో పెన్షన్. బంతి తన్నినా తన్నకపోయినా ఒకటో తారీఖున జీతం. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడి, ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది. ఇంకో పదేళ్లు ఆడగలిగిన మనిషి. ఈ వృత్తిలో బాడీ ఎప్పుడు ఎదురు తిరుగుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఆట కింద ఏదో ఒక ఉద్యోగం ఉండాలని పాతవాళ్లు అందుకే పట్టుబట్టేవారు.

దాన్ని కాదన్నవాడు మహమ్మద్ హబీబ్. ఈయనా హైదరాబాదీయే. ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని, కోల్‌కతా క్లబ్బులిచ్చే డబ్బు మీదే బతికాడు. దేశంలో తొలి నిజమైన ప్రొఫెషనల్ అని ఆయన్ని చాలామంది అంటారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకడు, ఆ మ్యాచ్ 2-2. ఆయన చేయగలిగాడంటే ఆయన హబీబ్ కాబట్టి. నాతోపాటు మైదాన్‌లో గీత బయట కూర్చున్న కుర్రాళ్లందరూ హబీబ్‌లు కావాలనే వచ్చారు.

ఇంగ్లండ్‌లోనూ ఆటగాళ్లు మొదట్నుంచీ కోటీశ్వరులు కారు. 1961 దాకా అక్కడ వారానికి 20 పౌండ్లకు మించి ఎవరికీ జీతం ఇవ్వకూడదని లీగ్ నియమం. సమ్మెకు దిగుతామంటే గానీ తీసేయలేదు. ఒప్పందం గడువు ముగిసిన ఆటగాడు ఇష్టమొచ్చిన క్లబ్బుకి ఉచితంగా మారే హక్కు 1995లో బోస్మన్ అనే బెల్జియం ఆటగాడు కోర్టుకెళ్లి తెచ్చుకుంటే వచ్చింది. ఆ తర్వాత టీవీ డబ్బు వరదలా వచ్చి పడింది. ప్రీమియర్ లీగ్ ఇప్పుడు సొంత దేశంలో టీవీ హక్కుల్నే నాలుగేళ్లకి 670 కోట్ల పౌండ్లకు అమ్ముకుంటోంది. మీవాడు ఫోన్‌లో చూసే రీల్స్ వెనక ఉన్నది ఆ డబ్బు.

మన దగ్గర? 2010లో ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కుల్ని 15 ఏళ్లకి 700 కోట్ల రూపాయలకు రాసిచ్చింది. ఏడాదికి 47 కోట్లు కూడా లేవు. ఆ ఒప్పందం మీదే 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. లైట్లు, సినిమా తారలు, విదేశీ కోచ్‌లు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. ఆ రాత్రి నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను, మా మనవరాలు ఇప్పటికీ నవ్వుతుంది. రెండేళ్లు తిరక్కుండానే ఆ జట్టులో ఆటగాళ్లకి జీతాలు అందలేదు. కొత్తవాళ్లని చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24 సీజన్లో అట్టడుగున నిలిచింది. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. చాంపియన్ జట్టు మూడున్నరేళ్లలో ఊళ్లోనే లేకుండా పోయింది.

లీగ్ మొత్తం కూడా అలాగే తూలింది. ఆ 15 ఏళ్ల ఒప్పందం గడువు దగ్గరపడి, కొత్తది కుదరక 2025 జులైలో సీజన్ ఆపేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్లకి, సిబ్బందికి జీతాలు నిలిపేస్తున్నామని ప్రకటించింది. భారత జట్టుకి కెప్టెన్‌గా చేసిన సునీల్ ఛెత్రీ ఆడే క్లబ్బండీ అది. నవంబరులో హక్కులకి టెండరు పిలిస్తే ఒక్కడూ రాలేదు. మీ బావమరిది ‘ఎవడు చూస్తాడు’ అన్నది ఇక్కడ నిజమైంది. చూసేవాళ్లున్నారు, కొనేవాడే రాలేదు.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, ఆట ఖర్చు మోసే భుజం మారుతూ వచ్చింది. ముందు పోలీసులు, రైల్వేలు మోశాయి. తర్వాత కోల్‌కతా క్లబ్బులు. ఆ తర్వాత కంపెనీలు. కంపెనీల భుజం నొప్పెట్టేసరికి ఇప్పుడు అది మీలాంటి తండ్రుల మీద పడింది. గంటకింత అని టర్ఫ్ అద్దె, నెలకింత అని అకాడమీ ఫీజు, టోర్నమెంట్‌కి ఎంట్రీ ఫీజు, కిట్టు, సర్టిఫికెట్టు, చివరికి పోర్చుగల్ ప్యాకేజీ. మా రోజుల్లో బంతి ఒకడి దగ్గరుంటే ఇరవై మందిమి ఆడేవాళ్లం, మైదానం ఎవడబ్బ సొత్తూ కాదు. ఇప్పుడు ఆ మైదానాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, మిగిలిన ఆటకి చుట్టూ వల కట్టి గేటు పెట్టారు. పేదోడి ఆట అని ఇంకా అంటుంటారు గానీ, గేటు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది ఎవరు లోపలికి పోతున్నారో.

అయితే ఆటలో బతుకు లేదా? ఉంది. కాకపోతే మీరనుకుంటున్న రూపంలో ఉండకపోవచ్చు. 2024 డిసెంబరు 31న హైదరాబాద్‌లోనే, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. కేరళ మీద బెంగాల్ 1-0తో గెలిచింది. గెలిచిన జట్టు కుర్రాళ్లకి అక్కడి ప్రభుత్వం ఉద్యోగాలు ఇస్తామంది. ఆ కుర్రాళ్ల ఇళ్లలో కప్పు కంటే ఆ వార్తకే ఎక్కువ సంబరం జరిగి ఉంటుందని నా అనుమానం. రైల్వేలు, పోలీసు, సైన్యం, బ్యాంకులు ఇంకా స్పోర్ట్స్ కోటా కింద ఆటగాళ్లని తీసుకుంటున్నాయి. కోచ్‌లు, రిఫరీలు, ఫిజియోలు, స్కూళ్లలో పీఈటీలు, వీళ్లంతా ఈ ఆట మీద బతికేవాళ్లే. కోట్లు సంపాదించేవాళ్లు ఏ కాలంలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

విదేశాలకి వెళ్లినవాళ్లు ఎలా వెళ్లారో కూడా చూడండి. ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లో. ఆయనా పోర్చుగలే వెళ్లాడు, 2012లో, స్పోర్టింగ్ లిస్బన్‌కి. అప్పటికి ఆయన వయసు దాదాపు 28, భారత జట్టు కెప్టెన్. అయినా వాళ్ల బి జట్టులో కొన్ని మ్యాచ్‌లు మాత్రమే దక్కాయి, మరుసటి ఏడాదికల్లా ఇండియాకి వచ్చేశాడు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోతు 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకి వెళ్లింది, గోకులం కేరళ తరఫున ఇక్కడి లీగ్‌లో పేరు తెచ్చుకున్నాక. ముందు ఇక్కడ నిలబడ్డారు, ఆ తర్వాత వెళ్లారు. దానికి అడ్డదారి ఉంటే ఛెత్రీకి ఎవరైనా చెప్పి ఉండేవాళ్లు.

మీరు చేయగలిగినవి హనుమకొండలోనే ఉన్నాయి. మొదటిది, బాబు చదివే స్కూలు, స్కూలు జట్ల ఫుట్‌బాల్ పోటీ అయిన సుబ్రతో కప్‌కి, స్కూల్ గేమ్స్‌కి జట్టు పంపుతోందా అని పీఈటీ సార్‌ని అడగండి. పంపకపోతే పంపే స్కూలు ఏదో కనుక్కోండి. జిల్లా నుంచి రాష్ట్రం, అక్కడి నుంచి జాతీయ స్థాయి దాకా ఆ మెట్ల మీద ఎక్కిన పిల్లాడి సర్టిఫికెట్‌కే రేపు కోటాలో విలువ, టర్ఫ్ టోర్నమెంట్ ట్రోఫీకి కాదు. జిల్లా ఫుట్‌బాల్ సంఘం దగ్గరికి వెళ్లి, సమాఖ్య రిజిస్ట్రేషన్ ఉన్న క్లబ్బులో బాబుని చేర్పించండి. రిజిస్టర్ కాని అకాడమీలో ఆడిన ఏళ్లు రేపు లెక్కలోకి రావు. శ్రీనిధి డెక్కన్ లాంటి క్లబ్బులు వాళ్ల యూత్ జట్లకి సెలెక్షన్స్ పెట్టినప్పుడు తీసుకెళ్లండి. అక్కడ సెవెన్స్ కాదు, పెద్ద గ్రౌండు మీద పదకొండు మందితో ఆట. మీవాడి సంగతి అక్కడ తెలుస్తుంది. అనంతపురం వైపు ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ అకాడమీ పల్లెటూరి పిల్లలతో చేస్తున్న పని కూడా ఒకసారి చూసి రండి, మంచి శిక్షణకి విమానం ఎక్కనవసరం లేదని తెలుస్తుంది.

ఇంకో మాట. ఎవరో ఒకరు, కోచ్ కావచ్చు, ‘పుట్టినతేదీ రెండేళ్లు తగ్గిద్దాం, అండర్-13లో దుమ్ము లేపుతాడు’ అంటారు. చెవిన పెట్టకండి. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. దొరికితే పిల్లాడి పేరు పోతుంది. దొరక్కపోయినా వాడికి వాడు తెలుసు.

డబ్బు లెక్క. నెలాఖరుకి మీరు ఎలాగో ఒకలా తేగలననుకున్న ఆ 2 లక్షలు ఉన్నాయి కదా, అందులో సగం కూడా అక్కర్లేదు. రోజూ రెండు గుడ్లు, పాలు, పప్పు. ఏడాదికి నాలుగైదు టోర్నమెంట్ల ప్రయాణాలు. మోకాలు నొప్పి అంటే తైలం రాయకుండా మంచి ఫిజియో దగ్గరికి. ఆటకెళ్లి పోగొట్టుకున్న క్లాసులకి ట్యూషన్. ఇలా రెండేళ్లు వాడికి నిజమైన అవకాశం ఇచ్చినట్టవుతుంది. పదో తరగతి మాత్రం ఆటతో బేరం పెట్టొద్దు. ఐఐటీ ఫౌండేషన్ సంగతి అంటారా, మీ బావమరిది చెప్పేదీ ఇంకో ప్యాకేజీయే. అక్కడా ఫీజు ముందు కట్టాలి, అక్కడా గోడ మీద ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలే ఉంటాయి, రానివాళ్లవి ఉండవు. మామూలు స్కూల్లో మామూలుగా చదవనివ్వండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పాప ఫీజు ‘కూడా చూసుకోవాలి’ అన్నారు. బాబు కోసం పొలం అమ్మడానికి సిద్ధపడ్డారు, పాప దగ్గరికొచ్చేసరికి ‘కూడా’ వచ్చింది. పాప ఇంజనీరింగ్ ఎక్కడో దూరాన ఉన్న కల కాదు, వచ్చే ఏడాదే. ఆ 20 గుంటల మీద ఆ పిల్లకీ హక్కుందని మీకు తెలుసు. మీ ఆవిడ వద్దంటున్నది ఆటని కాకపోవచ్చు, ఈ లెక్కని కావచ్చు. ఒకసారి ఆవిడని కూర్చోబెట్టి అడగండి. నా దాకా ఉత్తరం రాశారు గానీ, ఆవిడ ఎందుకు వద్దంటోందో ఎక్కడా రాయలేదు.

బాబుకి ‘డబ్బుల్లేవు’ అని మాత్రం చెప్పకండి. నాన్న దగ్గర డబ్బుల్లేక నా జీవితం పోయింది అనుకుంటాడు, ఆ మాట ముప్పై ఏళ్లు మోస్తాడు. ఫిఫా నియమం వాడికే చూపించండి. ఫోన్‌లో వాడే వెతుక్కుని చదువుకుంటాడు, ఈ తరం పిల్లలు మనకంటే నయం. బార్సిలోనా పేరు చూసేసరికి నమ్ముతాడు. స్కౌట్‌కి ఫోన్ చేసి లైసెన్సు నంబరు అడిగేటప్పుడు స్పీకర్ ఆన్ చేసి వాడిని పక్కన కూర్చోబెట్టుకోండి. అవతలివాడు ఎలా నట్లు కొడతాడో వాడి చెవులతో వాడే వినాలి.

తర్వాత ఒక ఆదివారం షాపు మూసి వాడి మ్యాచ్‌కి వెళ్లండి. గోల్స్ లెక్కపెట్టకండి. బంతి వాడి దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. అటూ ఇటూ తల తిప్పి చూసుకుంటున్నాడా, బంతి పోగొట్టుకున్నాక వెనక్కి ఉరికి వస్తున్నాడా, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతున్నాడా, తప్పు పాస్ ఇచ్చిన తోటివాడి మీద అరుస్తున్నాడా. మంచి కోచ్ సెలెక్షన్స్‌లో చూసేది అదే. టర్ఫ్ మీద ఆరు గోల్స్ కొట్టే పిల్లలు ప్రతి ఊళ్లో ఉంటారు.

బూట్ల సంగతి. బ్రాండ్ తప్పు కాదు. అడుగున పొడుగు స్టడ్స్, అంటే మేకుల్లాంటి బొడిపెలు, ఉన్న బూట్లు పచ్చిగడ్డి గ్రౌండు కోసం. వాటితో టర్ఫ్ మీద ఆడితే స్టడ్ ఇరుక్కుని అరికాలు అట్ట ఊడిపోతుంది, మోకాలు కూడా మెలిపడుతుంది. టర్ఫ్‌కి చిన్న చిన్న రబ్బరు బొడిపెలుండే బూట్లు వేరే దొరుకుతాయి, టర్ఫ్ షూస్ అని అడగండి, అందులో చవకవి కూడా చాలు. పొడుగు స్టడ్స్‌వి స్కూలు మ్యాచ్‌లకి దాచమనండి. సైజు సాయంత్రం పూట, ఆడే సాక్సు వేసుకుని చూసుకోమనండి, పెరిగే కాలని రెండు సైజులు పెద్దవి కొనకండి.